కర్రిగాడి మెడకు పసుపు గుడ్డ

వాన పడ్డ రోజు మా మెట్ల మీద తడిసిన కుక్క వాసన వస్తుంది. ఖమ్మంలో, ఖానాపురం హవేలి అనే పేటలో మేముండేది పై అంతస్తు; కింది ఇంటివాళ్లు ఒక తెల్ల బొచ్చు కుక్కను పెంచుతారు. దానికి షాంపూ స్నానం, చలికాలం స్వెట్టరు, పుట్టినరోజుకు కేకు. ఎన్ని చేసినా నాలుగు చినుకులు పడేసరికి దాని ఒంట్లోంచి ఆ పాత వాసనే బయటికొస్తుంది. తడి గోనెసంచి, మట్టి, కొంచెం పులిసిన గంజి కలిస్తే ఎట్లా ఉంటుందో అట్లా. వాళ్లు దానితో 'సిట్', 'కమ్', 'నో' అని మాత్రమే మాట్లాడతారు. పోయిన వానాకాలం నేను మెట్లు దిగుతూ "ఏందే, తడిసినవా?" అని దాన్ని పలకరిస్తే, ఆ ఇంటావిడ బయటికొచ్చి "ఆంటీ, తెలుగులో మాట్లాడకండి, అది కన్ఫ్యూజ్ అవుతుంది" అన్నది. ఆంటీ అన్నందుకు నాకు బాధ లేదు. కుక్కతో ఎట్లా మాట్లాడాలో నాకు చెప్పినందుకు ఉంది. ఇప్పటికీ ఉంది.

మా ఊరు ఏన్కూరు దాటి అడవి వైపు లోపలికి పోతే వస్తుంది. ఇల్లు ఊళ్లో, చేను వాగు అవతల అడవి అంచున. మిరప తోట పూతకు వచ్చినప్పటి నుంచి కాయ కల్లానికి చేరేదాకా, పందులు పడి తొక్కుతాయని నాయన ఆ చేలోనే మంచె మీద ఉండేవాడు. పొద్దున ఒకసారి వచ్చి స్నానం చేసి, సద్ది మూట కట్టించుకుని పోయేవాడు. అప్పుడు ఫోన్లు లేవు. ఇంటికీ చేనుకూ మధ్య కబుర్లు మోసింది కర్రిగాడు.

వాడు మా ఇంట్లో పుట్టిన కుక్క కాదు. ఎవరో పందుల కోసం పెట్టిన తీగ ఉచ్చులో మెడ ఇరుక్కుని, అరవడానికి కూడా గొంతు రాక పొదలో పడి ఉన్న నల్ల కూనను నాయన చూశాడు. ఉచ్చు కోసి, తువ్వాలలో చుట్టి తెచ్చాడు. నాయనమ్మ పసుపూ వేపాకూ నూరి ఆ పుండుకు రాసి, వేలితో గంజి నాకించి బతికించింది. అందుకే కర్రిగాడు ఆ ఇద్దరిని తప్ప ఇంకెవ్వరినీ మెడ ముట్టనిచ్చేవాడు కాదు. తల నిమరొచ్చు, తోక లాగొచ్చు, వీపు మీద తల పెట్టి పడుకోవచ్చు. చెయ్యి మెడ దాకా పోయిందంటే మాత్రం గుర్రుమనేవాడు. ఒక దసరాకు నేను పొద్దంతా కూర్చుని బంతిపూలు గుచ్చి వాడికి దండ వేయబోతే నా బొటనవేలు కొరికాడు. ఆ గాటు ఇంకా ఉంది. ఆ రోజు ఇంట్లో ఎవరూ వాణ్ణి తిట్టలేదు, నన్నే తిట్టారు. "తెల్సి తెల్సి గాని మెడకాడికి ఎందుకు పోయినవ్?" అన్నది నాయనమ్మ, వేలికి పసుపు అద్దుతూ.

నాయనమ్మ కుక్కతో మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడేది. కూతపెట్టి పిలవడం, ఈల వేయడం ఆమెకు నచ్చేది కాదు. పొగాకు కాడ బుగ్గన పెట్టుకుని అరుగు మీద కూర్చుని, వాడి రెండు చెవుల మధ్య గోకుతూ, ఊళ్లో ఎవరి గేదె ఈనిందో, కోడలు కూరలో ఉప్పెంత వేసిందో చెప్పేది. వాడు ఒక చెవి నిలబెట్టి, ఒక చెవి వాల్చి వినేవాడు. ఏది తన పనికి సంబంధించిన మాటో, ఏది ఊరికే చెప్పే ముచ్చటో వాడికి ఎట్లా తెలిసేదో నాకు తెలియదు గానీ, తెలిసేది. పని ఉంటే నాయనమ్మ వాడి మెడ తాడుకు ఒక గుడ్డ పీలిక కట్టేది. ఎర్రదైతే దవాఖానాకు పోవాల్సిన పని, పరుగెత్తి రమ్మని. పసుపుదైతే చుట్టాలు వచ్చారు, జల్దీ రమ్మని. గుడ్డ లేకుండా వస్తే ఏమీ లేదు, కుక్క ఊరికే తిరగడానికి వచ్చిందని. కట్టినాక వాడి ముఖాన్ని రెండు చేతులతో వాగు వైపు తిప్పి, "నీ అయ్య తిన్నడో లేదో, పోయి సూసి రాపో" అనేది. వాడు చేనుకు చేరగానే నాయన ముందు నిలబడి మెడ చాపేవాడట. నాయన విప్పేదాకా అట్లాగే ఉండేవాడట.

నేను ఎన్నిసార్లు ముఖం తిప్పి పంపినా ఒక్కసారి కూడా పోలేదు. నా చేతిలో జొన్నరొట్టె తినేవాడు, నా పక్కనే పడుకునేవాడు, కానీ పని చెప్తే పక్కకు చూసేవాడు. దాగుడుమూతలాడితే నేను ఎక్కడ దాక్కున్నానో అక్కడికే వచ్చి తోక ఊపుతూ నిలబడి నన్ను పట్టిచ్చేవాడు. అయినా వాడి వల్ల నేను నేర్చుకున్నది చాలా ఉంది. కోతుల గుంపు వస్తే ఒకరకంగా, పాము కనిపిస్తే ఒకచోటే నిలబడి ఇంకోరకంగా, ఊరికి కొత్త మనిషి వస్తే మధ్య మధ్య ఆగి ఆగి మొరిగేవాడు. ఎండాకాలం ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లారకముందే అడవికి పోయేవాళ్లం. ముందు వాడు, వెనుక మేం. వాడు ఆగితే ఆగేవాళ్లం. ఎలుగు ఉందేమో అని నేను చెవులు రిక్కించేసరికి వాడు తుమ్మి మళ్లీ నడిచేవాడు. మిరపకాయ కల్లంలో ఆరబోసినప్పుడు ఆ ఘాటుకు మాతోపాటు వాడూ తుమ్మేవాడు. మేం తుమ్మితే నాయనమ్మ ఏమీ అనేది కాదు, వాడు తుమ్మితే "సల్లగుండు బిడ్డా" అనేది.

మిరప పూత మీదున్న రోజులు. మా మేనత్తను, అంటే నాయన చెల్లెల్ని, చూసుకోవడానికి మధిర వైపు నుంచి పెళ్లివారు వచ్చారు. మరునాడు వస్తామన్నవాళ్లు ఆ రోజే మధ్యాహ్నం బస్సు దిగారు. అత్త గబగబా చీర మార్చుకుంటుంటే, నాయనమ్మ కర్రిగాడికి పసుపు గుడ్డ రెండు ముళ్లు వేసి కట్టి, "వాగు దాకా తోలిరా" అని నన్ను పంపింది. వాగులో నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. వాడు దాటాడు, అవతలి గట్టెక్కాడు, గుడ్డ మెడ మీద ఊగుతుండగా తుమ్మచెట్ల మధ్య నుంచి చేను బాట పట్టాడు. నేను నా కళ్లతో చూశాను.

నాయన రాలేదు. గారెలు వేశారు, చాయ్ ఇచ్చారు, మళ్లీ ఇచ్చారు. అత్త కూర్చున్న చాప మీద నుంచి ఎండ జరిగి గోడెక్కింది. పిల్లవాడి తండ్రి తువ్వాల భుజాన వేసుకుంటూ "ఇంటి పెద్దకు తీరిక లేనట్టుంది. ఇయ్యాల్నే ఇట్లుంటే రేపు మమ్మల్ని ఏం సూస్తడు?" అన్నాడు. ఆఖరి బస్సుకు వెళ్లిపోయారు. ఆ సంబంధం మళ్లీ రాలేదు.

పొద్దుగూకే వేళకు నాయన వచ్చాడు. వెనకే కర్రిగాడు, మెడకు గుడ్డ లేదు. 

"పసుపు గుడ్డ కట్టి పంపితే రావేందిరా?" అని నాయనమ్మ అడిగింది.

"గుడ్డెక్కడిది? కుక్క ఊరికే వచ్చింది" అన్నాడు నాయన, కాళ్లు కడుక్కుంటూ.

అందరూ నా వైపు తిరిగారు. ఆడుకోవడానికి నేనే విప్పి ఉంటానని అమ్మ అన్నది. నాయన లేచి వచ్చి చెంప మీద కొట్టాడు. నేను ఏడవలేదు. బొటనవేలు చూపించాను. "వాడు నన్ను ముట్టనిస్తడా? నిన్నూ నాయనమ్మనే గద ముట్టనిచ్చేది. మరి ఎవలిప్పిన్రు?" అన్నాను.

అత్త తల ఎత్తి నాయన ముఖంలోకి చూసింది. నాయన తువ్వాలతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. నాయనమ్మ "వాగుల కొట్టుకపోయుంటది తియ్యి" అన్నది. "వాగుల నీళ్లేడున్నయ్?" అన్నాను. అప్పుడు నాయనమ్మ కొట్టింది. అంతకు ముందు ఆమె నన్ను కొట్టింది లేదు, తర్వాత కూడా లేదు.

మర్నాటి నుంచి నాయన, ఆ కుక్క పనికిరాదని మొదలుపెట్టాడు. మా మామ, అమ్మ తమ్ముడు, మణుగూరు బొగ్గుగనిలో పనిచేసేవాడు. క్వార్టర్ల వెనకంతా అడవే, ఇంటికి ఒక కుక్క కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. అతనికి కబురు పోయింది. కర్రిగాణ్ణి ఉంచుకోవాలంటే వాడు తప్పు చేయలేదని రుజువు చేయాలని నాకు తోచింది. మామ వచ్చిన రోజు అందరూ అన్నాలు తింటుంటే, "అత్తా, వాని మెడ ముట్టు" అన్నాను. అత్త చెయ్యి చాపింది. వాడు పళ్లు చూపించాడు. "అమ్మా, నువ్వు ముట్టు." అమ్మ తల దించుకుని అన్నం కలుపుకుంది. "మామా, నువ్వు?"

మామ నవ్వాడు. "అమ్మో, నాకు డ్యూటీ ఉంది బిడ్డా, చేతులు కావాలె."

ఎవరూ నవ్వలేదు. నేను గెలిచానని అనుకున్నాను. కానీ వాడు వాకిట్లో తిరిగినంత కాలం, నాయన ఆ రోజు చెప్పింది అబద్ధమని అందరికీ గుర్తు వస్తూనే ఉంటుందని నాకు అప్పుడు తెలియదు. నాయనమ్మకు తెలుసు. వాడిని బతికించిన మనిషి "తోల్కపో" అని మామతో తనే అన్నది. కొడుకు ముఖం చూసి కుక్కను వదులుకుంది.

మెడకు కొత్త తాడు కట్టాల్సింది నాయనే గదా, నాయనమ్మ కట్టనన్నది, ఇంకెవరూ కట్టలేరు. తాడు తీసుకుని ఆయన దగ్గరికి పోగానే కర్రిగాడు తోక ఊపుతూ ఎదురొచ్చి మెడ చాపాడు.

ఆ ఎండాకాలం సెలవులకు మణుగూరు పోయాను. క్వార్టరు గేటు, మొక్కల ఆకులు, ఆరేసిన బట్టలు, అన్నిటి మీదా సన్నటి బొగ్గు దుమ్ము. వాడి ఒంటి మీద కూడా. నల్లవాడే గనక తెలియలేదు, చెయ్యి పెడితే తెలిసింది. మామ పిల్లలు వాడిని టైగర్ అంటున్నారు, పలుకుతున్నాడు. నన్ను చూసి మొరగలేదు, ఎగరలేదు. నింపాదిగా వచ్చి, పాదాలు వాసన చూసి, నా ముందు నిలబడి మెడ చాపాడు. ఉన్నది విప్పమన్నాడో, ఏదైనా కట్టమన్నాడో నాకు అర్థం కాలేదు. మొదటిసారి ఆ ఉచ్చు మచ్చ మీద వేలు పెట్టాను. వెంట్రుకలు లేని సన్నటి గట్టు, నున్నగా ఉంది. వాడు కదలలేదు. "ఇంటికాడ అందరూ మంచిగున్నరు" అని చెప్పాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు. మరుసటి ఏడు పోయేసరికి వాడు లేడు. జ్వరం వచ్చిందన్నారు.

ఇప్పుడు ఆ చేను బాట తారు రోడ్డు. మంచె లేదు, చేను చుట్టూ సోలార్ కంచె వేశారు. మోటరు సెల్‌ఫోన్లోనే ఆన్, ఆఫ్. చుట్టాలు బయల్దేరేటప్పుడే లొకేషన్ పంపుతారు. ఊళ్లో కుక్కలు చాలానే ఉన్నాయి గానీ, వాటి ముఖం ఒక దారి వైపు తిప్పి పని చెప్పేవాళ్లు లేరు. ఇప్పపూల కాలంలో తెల్లారకముందే లేచే పిల్లలూ లేరు. నాయనమ్మ పోయింది. అత్త సత్తుపల్లిలో మనవలతో బాగానే ఉంది. ఆ పెళ్లివారి మాట ఎత్తితే "మంచే అయింది తియ్యే" అంటుంది. అందరికీ మంచే అయింది.

నాయన ఇక్కడే, ఖమ్మంలో, తమ్ముడి ఇంట్లో ఉంటున్నాడు. పోయిన ఆదివారం బత్తాయిలు తీసుకుని వెళ్లాను. ఒలిచి చేతికిస్తూ అడిగాను, ఆ రోజు కర్రిగాడి మెడకు గుడ్డ ఉందా, లేదా అని. ఇంతకు ముందు చాలాసార్లు అడిగాను. ఎప్పుడూ ఏ కుక్క, ఏ గుడ్డ అనేవాడు. ఈసారి తొన తినడం ఆపాడు.

"ఆ ఏడు కరెంటు పగటి పూట రెండు గంటలే ఇచ్చేటోళ్లు బిడ్డా. మోటరు బంద్ చేసి వస్తే పూతంతా రాలిపోయేది. వాళ్లు జెరసేపు కూసుంటరనుకున్న" అన్నాడు.

నేను అడిగింది కరెంటు సంగతి కాదని చెప్పాను. కుక్క గుడ్డ తెచ్చిందా లేదా, అది చెప్పమన్నాను.

"తెచ్చింది" అన్నాడు.

ఇంకో తొన ఒలిచి ఇచ్చాను. ఈ మాట ఆ రోజే నాయనమ్మ ముందు అని ఉంటే, కర్రిగాణ్ణి తోల్కపొమ్మనాల్సిన పని ఆమెకు ఉండేది కాదు అన్నాను.