తాలింపు పడనివ్వని పొయ్యి

నాకు దయ్యాలంటే భయం లేదు, అవి ఉన్నాయన్న నమ్మకమూ లేదు. జూలూరుపాడు దగ్గర ప్రభుత్వ బడిలో ఫిజికల్ సైన్స్ చెబుతాను. అడవి అంచు ఊళ్ల పిల్లలు ఫలానా చింతచెట్టు మీద ఏదో ఉందంటే, ఆ చెట్టు కిందే కూర్చుని టిఫిన్ డబ్బా ఖాళీ చేసి చూపించినవాణ్ణి. అందుకే ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

రెండేళ్ల కిందటి మాట. నా భార్య సునీతకు నెలలు నిండాయి. పురిటికి పెనుబల్లిలో వాళ్లమ్మ దగ్గర ఉంది. మర్నాడు నేనూ సెలవు పెట్టి వెళ్లాలి. ఆ సాయంత్రం మా బడి తెలుగు మాస్టారు నా బండెక్కి ఖమ్మం దాకా వచ్చాడు. ఒళ్లు నలతగా ఉందంటూ దారి పొడవునా నా భుజం మీద గడ్డం ఆనించి నిద్రపోయాడు. పొద్దున్నే ఫోన్ చేసి, ఒళ్లంతా అమ్మవారు పోసిందని చెప్పాడు. అంటే చికెన్‌పాక్స్.

చిన్నప్పుడు నాకు వచ్చిందో లేదో మా అమ్మకు గుర్తు లేదు. నలుగురు పిల్లల్లో ఇద్దరికి వచ్చిందట, ఏ ఇద్దరికో తెలియదట. సునీతకు మాత్రం రాలేదు. ఇరవై ఒక్క రోజులు భార్య దగ్గరికి వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. కాన్పు సమయంలో ఆమెకు అంటుకుంటే బిడ్డకు ప్రమాదమన్నారు.

ఖానాపురం హవేలిలో మా కిరాయి ఇంట్లో తలుపు వేసుకుని ఒక్కణ్ణే కూర్చున్నాను. రోజూ పొద్దున చొక్కా విప్పి అద్దం ముందు తనిఖీ. కనిపించిన ప్రతి మచ్చ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన తేదీ వేసేవాణ్ణి. అన్నీ దోమకాట్లే. వారం తిరిగేసరికి నా ఛాతీ దిద్దిన పరీక్ష పేపర్‌లా తయారైంది.

మా అత్తగారు రోజూ ఫోన్ చేసేది. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి. ఆమే ఒకరోజు గొంతు తగ్గించి, "బాబూ, ఇంట్ల తాలింపు పెట్టకు. ఆ వాసనకు అమ్మవారు అలుగుతది" అంది.

"మనం అవన్నీ నమ్మం కదా అత్తయ్యా" అన్నాను.

"మనం నమ్మమని ఆమెకెట్ల తెలుస్తది?"

నవ్వుకుని, పంతానికి ఆ మధ్యాహ్నమే పప్పు వండాను. మూకుడులో నూనె పోసి ఆవాలు వేశాను. పొయ్యి ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆరింది. సిలిండర్ నిండుగా ఉంది. ఫ్యాన్ ఆపాను, కిటికీ మూశాను, రెండో బర్నర్ మీదికి మార్చాను. అదే వరస. సైన్సు మాస్టారిని కాబట్టి నోట్‌బుక్‌లో పట్టిక గీశాను. నీళ్లు: మండింది. పాలు: మండింది. ఖాళీ మూకుడు: మండింది. నూనె: ఆరింది.

పొయ్యి పాడైందని మాత్రం చెబితే ఇంటి ఓనరు గేటు దగ్గర కరెంటు పొయ్యి పెట్టి వెళ్లాడు. నూనె పోయగానే అదీ కుయ్యిమని ఆగిపోయింది. ఇక రోజూ ముద్దపప్పే తిన్నాను. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్తగారు గెలిచినట్టవుతుంది.

పద్నాలుగో రోజు సత్తుపల్లి ఆస్పత్రిలో పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. వీడియో కాల్‌లో బిడ్డ ఆవలిస్తుంటే ముచ్చటేసి తెర మీద బుగ్గ తడిమాను. కాల్ కట్టయింది. బాగా ఏడ్చాను. ఏడ్చాక ఆకలేసింది. గుడ్డు పొరటు చేసుకుందామని, ఆరితే ఆరనీ అని నూనె పెట్టాను. ఆవాలు చిటపటలాడాయి.

ఇరవై ఒక్క రోజులూ గడిచాయి. ఒక్క పొక్కు రాలేదు. మర్నాడు పొద్దున్నే పెనుబల్లి వెళ్లి నా కూతుర్ని మొదటిసారి ఎత్తుకున్నాను. ఆ సంతోషంలో ఉండగా అత్తగారు వంటింట్లోంచి వచ్చింది.

"ఏందో బాబూ, పాపను ఇంటికి తెచ్చినకాడికెల్లి పొయ్యి పాడైంది. అన్నం ఉడుకుతది, తాలింపు పెడితే ఆరిపోతది. బాగుచేసేటాయన రెండుసార్లు వచ్చి చూసిండు. ఏం లేదంటడు."

నా పొయ్యి బాగైంది పాప పుట్టిన రోజునే అని గుర్తొచ్చింది. వెంటనే పరీక్ష మొదలుపెట్టాను. నేనొక్కణ్ణే బయటికి వెళ్తే పొయ్యి ఆరింది. పాపను తీసుకుని వెళ్తే లోపల ఆవాలు చిట్లాయి. లోపలికి రాగానే ఆరింది. మూడుసార్లూ అంతే.

అప్పుడు నిజంగా భయం పట్టుకుంది. బిడ్డను డాక్టరుకు చూపించాను. లక్షణాలేమిటని ఆయన అడిగాడు. పొయ్యి ఆరిపోతోందని ఎలా చెప్పను? ఊరికే చూపిద్దామని వచ్చానన్నాను. బిడ్డ బాగుందన్నాడు. అయినా రోజుకు పదిసార్లు బట్టలు విప్పి చూసేవాణ్ణి. ఎర్ర పెన్ను మాత్రం సునీత లాక్కుంది.

పాపకు ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేశాం. ప్రార్థన అయ్యాక అత్తగారు పులిహోర కోసం నూనె పెట్టింది. పాప ఇంట్లోనే ఉంది. మేం ముగ్గురం పొయ్యి చుట్టూ నిలబడ్డాం. ఆవాలు చిట్లాయి. "స్తోత్రం" అంటూ అత్తగారు కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు.

సాయంత్రం ఆమె ఒక గిన్నెలో పెరుగన్నం కలిపి, పైన వేపరెమ్మ పెట్టి గేటు బయట ఉంచడం చూశాను. నేను అడగకముందే "కుక్కకు" అంది. కుక్క కనిపిస్తే చీపురు తీసే మనిషి.

పాపకు ఇప్పుడు రెండేళ్లు. టీకా వేయించాం, హాయిగా ఉంది. పొయ్యిల సంగతికి ఏదో ఒక కారణం ఉండే ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను.

కానీ ఉయ్యాలలో వేసిన మర్నాడు పొద్దున గేటు తీసింది నేనే. గిన్నె శుభ్రంగా తోమి, గోడ పక్కన బోర్లించి ఉంది. ఇంట్లో అందరినీ అడిగాను, ఎవరూ తోమలేదు. కుక్కలు గిన్నెలు తోమవు. ఎవరు తోమారో నాకు ఇప్పటికీ తెలియదు.