ఆ కూత మైకుది కాదు

మొన్న మా మనవరాలు ఫోనులో ఎవరో పిల్ల ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తున్న వీడియో చూపించింది. మధ్యలో తీగ కీచుమని కూత పెడితే, దీన్ని పించ్ హార్మోనిక్ అంటారు తాతయ్యా, నీకు తెలియదులే అంది. తెలియకేం! ఆ పేరు ఇప్పుడే విన్నాను గాని, ఆ కూత వింటే నాకు ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

ఎనభైల్లో నరసరావుపేటలో డిగ్రీ చదువుతూ పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ణి. విజయపురి సౌత్‌లో డ్యాము క్వార్టర్సులో ఉండే మా బావ ఇచ్చిన క్యాసెట్టులో ఆ కూత విని మతిపోయింది. అదెలా వస్తుందో చెప్పే నాథుడు లేడు. గిల్లితే వస్తుందేమోనని గోటితో గిల్లి గిల్లి రెండు తీగలు తెంపాను. తీగలు మీటే ప్లెక్ట్రమ్ బిళ్ళ కొస మాత్రం బయటికి ఉంచి, మీటిన మరుక్షణమే బొటనవేలి కండ తీగకు తగిలీ తగలనట్టు ఆనించాలని వేలు కాయ కాచాక గాని తెలియలేదు. గిటారుకు వేరే స్పీకరు పెట్టె మాకెక్కడిది? మా వీధి మైకుసెట్టు బాబాయి మధ్యాహ్నాలు తన యాంప్లిఫయరుకే నా వైరు తగిలించుకోనిచ్చేవాడు. సౌండు బొంగురుపోయేదాకా పెంచితేనే ఆ కూత పలికేది. హారన్లు పగులుతాయని నవ్వేవాడే గాని, ఒక్కరోజూ కాదనలేదు మహానుభావుడు.

నకరికల్లులో ఒక పెళ్ళికి ఆర్కెస్ట్రా మాది, మైకు ఆయనది. సరిగ్గా తలంబ్రాల వేళ నాకు పోయేకాలం వచ్చి, నా ఘనత చూపించాలనిపించింది. కూత బ్రహ్మాండంగా వచ్చింది, ముసలమ్మలు చెవులు మూసుకున్నారు. ఆ రోజుల్లో ఏది కుయ్యిమన్నా మైకువాడి చేతకానితనమే కదా! పెళ్ళికూతురి తండ్రి ఉరికొచ్చి, అంతమందిలో బాబాయి చెంప ఛెళ్ళుమనిపించాడు.

"ఏందిరా నీ సెట్టు? శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆ పాడు కూతేంది?"

రోజూ విన్న మనిషి, ఆ కూత ఎవరిదో ఆయనకు తెలియదా? అయినా నా వైపు చూడలేదు. మైకే కూసిందయ్యా, తప్పు నాదేనని చేతులు జోడించాడు. కాదు, నేనే వాయించానని ఒక్క మాట అంటే ఏం పోయేది? ఆర్కెస్ట్రాలోంచి తీసేస్తారని భయం. తల వంచుకుని శ్రుతి సరిచేసుకుంటున్నట్టు నటించాను. ఛీ, ఏం బతుకు!

మర్నాడు క్షమించమని అడుగుదామనే వెళ్ళాను. ఆయన వాచిన చెంపతో వైర్లు చుట్టుకుంటూ, నేను నోరు తెరిచేలోపే, "ఒరేయ్ అబ్బాయ్, నిన్న చానా బాగా పలికిందిరా" అన్నాడు. నేనూ కూర్చుని ఆయనతో పాటు వైర్లు చుట్టి వచ్చేశాను.

ఇప్పుడు ఎవరి గిటారుకు వారి పెట్టె, ఎవరి కూతకు వారికే చప్పట్లు. మంచిదే. ఒకరి కూతకు మరొకరు చెంప అప్పగించే రోజులు పోయాయి, అలాంటి మనుషులూ పోయారు. బాబాయి కూడా పోయాడు. ఆ పెళ్ళి తర్వాత పదేళ్ళు ఒకే వీధిలో ఉన్నాం, నేను మాత్రం క్షమించమన్న ఆ మాట అడగనే లేదు.