నాక్కూడా వచ్చింది

ఎవరైనా ఒక ఇబ్బంది చెప్పగానే మా బావ చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకుంటాడు. తర్వాత ఒకే ప్రశ్న అడుగుతాడు.

"అప్పుడు మీరెలా కూర్చున్నారు?"

ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నేను తల దించుకుంటాను. తర్వాత జరగబోయేది నాకు తెలుసు. ఎదుటి మనిషికి వచ్చిన ఇబ్బంది తనకూ రావాలి. అచ్చం అలాగే రావాలి. వచ్చేదాకా బావ ఇంట్లో ఉన్నా లేనట్టే.

ఇబ్బంది అంటే ఒంటికి వచ్చేది కాదు. నోట్సు రాసుకునే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది. ఫోనులోనూ కంప్యూటర్లోనూ నడుస్తుంది. రంగులుండవు, బొమ్మలుండవు. రాసిన ప్రతి నోటూ ఉత్త అక్షరాల ఫైలుగా ఒక ఫోల్డర్లో పడి ఉంటుంది. దానికి యజమాని లేడు. దాని లోపలి రాత అందరికీ తెరిచే ఉంటుంది. వాడేవాళ్ళే బాగుచేసుకుంటారు. ఎక్కడెక్కడివాళ్ళో ఇంటర్నెట్‌లో ఒక వేదిక మీద చేరి తమ ఇబ్బందులు రాస్తారు, ఇంకొందరు సరిచేస్తారు, అందరూ పోట్లాడుకుంటారు. జీతం ఎవరికీ లేదు.

బావ పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానబెడతాడు. మిగిలిన సమయం ఈ ప్రోగ్రామ్‌ది. నేను బీమా ఆఫీసులో పనిచేస్తాను. ప్రోగ్రామ్‌కు వాడుక సూచనలు రాసే పని బావ నాకు అంటగట్టాడు. వాటిని ఇంతవరకు ఎవరైనా చదివినట్టు ఆధారం లేదు.

వేదిక మీద మిగతావాళ్ళు ఇబ్బందికి కారణం రాస్తారు. బావ మాత్రం ముందుగా ఒకే వాక్యం రాస్తాడు. "నాక్కూడా వచ్చింది." ఆ వాక్యం రాసిన రోజు ఇంట్లో పాటలు పాడతాడు. అందుకే అక్కడ ఆయన పేరే అదైపోయింది. "నాక్కూడా గారూ, ఇది కాస్త చూడండి" అని రాస్తారు. అక్క ఆ పిలుపు చూసిన ప్రతిసారీ ఫోను బోర్లా పెడుతుంది.

ఒకసారి ఒక తండ్రి రాశాడు. పాపను ఎత్తుకుని నడుస్తూ నోటు రాస్తుంటే మధ్యలో చెరిగిపోతోందట. బావ గడియారం విప్పాడు. పక్కింటివాళ్ళను వాళ్ళ పాపను ఇమ్మని అడిగాడు. వాళ్ళు ఇవ్వలేదు. గోధుమపిండి సంచిని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని, ఫోను పట్టుకుని వీధిలో నడవడం మొదలుపెట్టాడు. నడుస్తూ జోకొట్టాడు.

ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి అక్కను అడిగింది.

"చెప్పనేలేదే. పాపా, బాబా?"

"గోధుమపిండి" అంది అక్క.

రెండు రోజులు నడిచినా ఏమీ చెరగలేదు. పిండికి కాళ్ళు లేకపోవడమే లోపమని బావకు తోచింది. నా చెప్పులు తీసుకెళ్ళి సంచికి కట్టాడు. సాయంత్రానికి ఒక చెప్పు ఊగి ఫోను అంచును తాకింది. నోటు చెరిగింది. వీధి చివరనుంచి పరుగున వచ్చాడు. నేను వాకిట్లో ఉత్త కాళ్ళతో నిలబడి ఉన్నాను. నా చెప్పులకేసి చూసి వీధి వీధంతా నవ్వుతోంది.

"వచ్చింది" అన్నాడు బావ, పిండిని నా చేతికిస్తూ.

ఇంకోసారి లిఫ్టులు బాగుచేసే మనిషి ఒకడు రాశాడు. లిఫ్టులో రాసినవి నిలవడం లేదట. మాకు తెలిసిన లిఫ్టు మా ఆఫీసులోనే ఉంది. మధ్యాహ్నం కాపలాదారు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, లిఫ్టులో ఒకాయన పొద్దుట్నుంచీ పైకీ కిందికీ తిరుగుతున్నాడు. ఎక్కడ దిగాలంటే ఎక్కడా వద్దంటున్నాడు. మీ చుట్టమని చెబుతున్నాడు."

మా మేనేజరు నాకేసి చూస్తున్నాడు.

"నాకు తెలియదే" అన్నాను.

అప్పుడే తలుపులు తెరుచుకున్నాయి. "మరదలా, వచ్చింది" అని హాలంతా వినబడేలా చెప్పి బావ మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక అడిగాను.

"బావా, ప్రోగ్రామ్ లోపలి రాత నీకు కొట్టినపిండి. తెరిచి చదివితే కారణం అక్కడే కనబడుతుందిగా."

"కనబడుతుంది. లిఫ్టుది నిన్న రాత్రే కనబడింది."

"మరి ఈ రోజు మా ఆఫీసుకెందుకొచ్చావు? నా పరువు తియ్యడానికా?"

"కారణం తెలిస్తే కారణం రాయగలను. నాక్కూడా వచ్చిందని రాయలేను కదా" అన్నాడు.

అది జవాబులా అనిపించలేదు. అక్క మాత్రం, "ఈయనకు లిఫ్టు ఎక్కాలని సరదా" అని తేల్చేసింది.

పక్క వీధిలో దర్జీ దుకాణం ఉంది. ఒకావిడ నడుపుతుంది. బావ ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వెళ్ళి, ఆవిడ ఫోనులో ఈ ప్రోగ్రామ్ పెట్టి వచ్చాడు. అప్పటినుంచీ ఖాతాదారులందరి కొలతలూ అందులోనే. మనిషికొక నోటు. భుజం, ఛాతీ, నడుము, చేతి పొడవు. ఎవరు ఎప్పుడొచ్చినా ఆవిడ టేపు తియ్యకుండా బట్ట కత్తిరించేది. ఒకసారి కొలత ఇస్తే మళ్ళీ అడగదని ఆవిడకు పేరు.

ఒక రోజు ఆ దుకాణం తలుపు దించి కనబడింది. "ఒంట్లో బాగాలేదు" అని కాగితం అంటించి ఉంది. అది మర్నాడూ తియ్యలేదు. అదే వారం వేదిక మీద ఒక సందేశం పడింది. రాసినావిడ పేరు పెట్టుకోలేదు. మాకు చదవగానే తెలిసిపోయింది.

ఫోను నిండిపోయిందట. ఖాళీ చేస్తుంటే ఒక ఫోల్డర్ కనబడిందట. బొమ్మలేమీ లేవు, ఏవో ముక్కలు. ఫోను తనంతట తాను పోగేసిన చెత్త అనుకుని తుడిచేసిందట. తర్వాత ప్రోగ్రామ్ తెరిస్తే అందులో ఒక్క నోటూ లేదు. "నా నోట్సు ప్రోగ్రామ్‌లో కదా ఉన్నాయి. నేను ముట్టుకున్నది ఫోల్డర్ని. మళ్ళీ వస్తాయా? అందరినీ మళ్ళీ కొలవాలంటే నాకు మొహం చెల్లడం లేదు. నడుము కొలత రెండోసారి అడిగితే లావయ్యామని అడుగుతోంది అనుకుంటారు."

తిరిగి వచ్చే దారి లేదు. ఆ ముక్కలే ఆవిడ నోట్సు.

వేదిక మీద అందరికంటే ముందు జవాబిచ్చేది ఒక లెక్చరర్ గారు. ఆయన వెంటనే రాశాడు. "ఇది ప్రోగ్రామ్ తప్పు కాదు. వాడుక సూచనల మొదటి పేజీలోనే ఉంది. చదవకపోతే ఎవరేం చేస్తారు?" ఆ మొదటి పేజీ నేను రాసిందే. దాన్ని ఇలా మనిషి నెత్తిన కొట్టడానికి వాడతారని ఊహించలేదు. నాకు సిగ్గేసింది.

దర్జీ ఒక్క ముక్క రాసింది. "అవునండీ, నా బుద్ధితక్కువే." మళ్ళీ కనబడలేదు.

బావ గడియారం విప్పాడు. విప్పి, చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఇది నీకు రాదు బావా" అన్నాను. "ఆ ఫైళ్ళేమిటో నీకు తెలుసు. తెలిసినవాడికి పొరపాటెలా వస్తుంది?"

"రాదు" అన్నాడు. అంత దిగులుగా ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు.

సెలవునాడు పొద్దుట్నుంచీ కిటికీని ఫొటోలు తీశాడు. ఒకే కిటికీ. మధ్యాహ్నం ఫోను తీసుకెళ్ళి అక్క ఒళ్ళో పెట్టాడు.

"నిండిపోయింది. అక్కర్లేనివి తీసెయ్యవూ?"

"పొద్దుట్నుంచీ కిటికీని పొగుడుతూ కూర్చుంటే నిండదా?" అంటూ అక్క మొదలుపెట్టింది. అక్క మందుల దుకాణం నడుపుతుంది. డాక్టర్ల రాత తప్పు లేకుండా చదవగలదు. మొదలుపెట్టిన పని సగంలో వదలదు. కిటికీలన్నీ పోయాయి. అక్క ఆగలేదు.

"ఇవేమిటి? బొమ్మా లేదు, పాటా లేదు. ఏవో ముక్కలు."

నేను నోరు తెరిచాను. బావ నాకేసి చూశాడు. నోరు మూసుకున్నాను.

"అడుగుతుంటే చెప్పరేం?"

"నీకేమనిపిస్తే అది చెయ్యి."

"చెత్తలా ఉంది" అంది అక్క, తుడిచేసింది.

బావ ఫోను తీసుకుని ప్రోగ్రామ్ తెరిచాడు. పెళ్ళికి ముందునుంచీ రాసుకున్నవి. ఒక్కటీ లేదు. తెల్లటి తెర మా ఇద్దరికీ చూపించాడు.

"ఇంకోచోట నకలు ఉంది కదా?" అన్నాను.

"ఆవిడకు లేదు. నాకెందుకు ఉంటుంది? నిన్ననే తీసేశాను."

అక్కకు అర్థమైంది. ముఖం కందిపోయింది. "ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది? నన్ను ఇంత తెలివితక్కువదాన్ని చేసి కూర్చోబెడతారా?"

"చెబితే నువ్వు తుడిచేదానివి కాదు" అన్నాడు బావ. "నువ్వు తుడవకపోతే ఆవిడ ఒక్కతే అయిపోతుంది."

అక్క లేచి లోపలికి వెళ్ళింది. గిన్నెలు సర్దిన చప్పుడు వినబడింది. సర్దాల్సిన గిన్నెలేవీ లేవని మా ఇద్దరికీ తెలుసు. కాసేపటికి గుమ్మంలోకి వచ్చింది.

"ఏముండేవి అందులో?"

"నీ దగ్గర ఎత్తకూడని విషయాలు. చాలావరకు అవే."

"మళ్ళీ చెబుతాను, రాసుకుందురుగాని" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పాపం, ఆవిడా నాలాగే అనుకుని ఉంటుంది. రాయండి. నేనే చేశానని రాయండి. మందుల దుకాణం సంగతి కూడా రాయండి."

బావ రాశాడు. "నాక్కూడా వచ్చింది. మా ఆవిడ చేతిలో. ఆవిడ మందుల దుకాణం నడుపుతుంది. ఇంతవరకు ఒక్క చీటీ తప్పు చదవలేదు. ఆ ఫోల్డర్ చూస్తే ఎవరికైనా చెత్త అనే అనిపిస్తుంది. తప్పు ఫోల్డర్‌ది."

లిఫ్టు ఎక్కిన రోజు బావ అన్న మాటకు అర్థం నాకప్పుడు తెలిసింది. బావ అబద్ధం ఆడలేడు. ఆ వాక్యం ఎదుటివాడికి అందాలంటే ముందు నిజమవ్వాలి. ఇన్నాళ్ళూ ఆ మనిషి పిండి మోసింది అందుకు. నేను చెప్పుల గురించి బాధపడ్డాను.

కింద జవాబులు మొదలయ్యాయి. ఒక నర్సు. ఒక రైలు డ్రైవరు. పాపను ఎత్తుకున్న తండ్రి. అందరూ ఎప్పుడో ఇదే పని చేసి, ఎవరికీ చెప్పుకోలేక కొత్తగా మొదలుపెట్టినవాళ్ళే. సాయంత్రానికి తెర కిందికి జరుపుతూ పోతే అంతు దొరకలేదు. చివర్లో లెక్చరర్ గారు కూడా వచ్చాడు. "నా స్నేహితుడు ఒకడికి ఇలాగే జరిగింది" అని రాశాడు. ఆ స్నేహితుడు ఎంత బాధపడిందీ చాలా వివరంగా రాశాడు.

చీకటి పడే వేళకు వేదిక మీదివాళ్ళు, అందరి ఫోల్డర్లోనూ అన్నిటికంటే పైన కనబడేలా, ప్రోగ్రామ్‌కు ఒక కొత్త ఫైలు చేర్చారు. దాని పేరే "ఇవే మీ నోట్సు, తుడవకండి." నా మొదటి పేజీ కంటే అది బాగుంది.

మర్నాడు పొద్దున బావ నన్ను వెంటబెట్టుకుని దర్జీ దుకాణానికి వెళ్ళాడు. తలుపు సగం ఎత్తి ఉంది. కాగితం తీసేసి ఉంది. బయట ముగ్గురు నలుగురు నిలబడి, బట్టలు చంకలో పెట్టుకుని ఒకరి వెనక ఒకరు నక్కుతున్నారు. లోపల దర్జీ టేపు మెడలో వేసుకుని, మా ముఖాలు చూడలేక సూదుల డబ్బా సర్దుతోంది.

"నాకొక చొక్కా కావాలండీ" అన్నాడు బావ. "కొలవండి."

రెండు చేతులూ పక్కలకు చాచాడు. ఆవిడ మెల్లగా వచ్చి నడుము చుట్టూ టేపు వేసింది. అక్కడ ఆగింది.

"కాస్త... ఊపిరి బిగపట్టండి" అంది, పాపం మర్యాదకు.

బావ బిగపట్టలేదు. ఉన్న ఊపిరంతా వదిలేశాడు. పొట్ట ముందుకొచ్చి టేపు మీద స్థిమితంగా కూర్చుంది.

"ఎంతొచ్చింది?" అని అడిగాడు. "కాస్త గట్టిగా చదవండి. బయటున్నవాళ్ళకు వినబడాలి."