మొలక కట్టని లినక్స్

కళ్యాణదుర్గంలో సర్కారు ఆఫీసు ఎదురుగా నాదొక టైపింగు అంగడి. అర్జీలు కొట్టడం నా పని, సలహాలివ్వడం నా జబ్బు. కంప్యూటరుకు విండోస్ మంచిదా, మ్యాక్ మంచిదా, లినక్స్ మంచిదా అని ఎవరూ అడగకపోయినా, అట్ట మీద గళ్లు గీసి గోడకు తగిలించాను. ధర, వేగం, వైరస్ బెడద, అందం. మార్కులు కూడా నేనే వేశాను, పదో తరగతి లెక్కల్లో అత్తెసరుగా గట్టెక్కినవాణ్ణి.

విండోస్‌కు తక్కువే పడ్డాయి. నేనేమో కొన్న పాపాన పోలేదు, ఎవరో ఎక్కించిన దొంగ కాపీ. యాక్టివేట్ చేసుకోమని అది తెర మూలన మర్యాదగా అడుగుతుంటే నాకు రోషం. మ్యాక్ పక్కంగడి ఫోటోగ్రాఫరుది. దాన్ని తాకాలంటే చేతులు కడుక్కుని రావాలట. అందానికి నిండా మార్కులిచ్చి, ధర గడిలో దండం పెట్టే బొమ్మ గీశాను. లినక్స్ ఉచితం, వైరస్ భయం తక్కువ. నూటికి తొంభై! ఆ ఆదివారమే పాత అర్జీలు పెన్‌డ్రైవులో దాచి, డిస్కంతా తుడిచి, లినక్స్ ఎక్కించాను. మెచ్చుకోవడానికి ఎవరూ లేక నన్ను నేనే మెచ్చుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం ఒక పెద్దమ్మ వచ్చింది. పంట ఎండిన రైతుల జాబితాలో ఆమె పేరు లేదు. ఇంతకు ముందొకసారి ఇలాగే తప్పిపోతే నేను కొట్టిన అర్జీతోనే ఎక్కింది. అర్జీలు తీసుకునేది ఆ సాయంత్రం దాకానే. దాటితే ఆ ఏటికి పరిహారం లేనట్టే.

"అదే కాగితం తేదీ మార్చి ఈయప్పా" అంది.

ఫైలు తెరిచాను. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, ప్లస్సులు, డాలర్లు కలగాపులగంగా ఉన్నాయి. మా టైపిస్టులు ఏళ్లుగా వాడే పాత తెలుగు ఫాంటు లేకపోతే అంతే. అది లేనిదే నేను తెలుగు కొట్టలేను. దాన్ని డిస్కుతో పాటు తుడిచింది నేనే.

"యా భాషప్పా ఇది?"

"కొత్త సిస్టం పెద్దమ్మా. చానా మంచిది, ఊరికే ఇస్తారు." అంతటితో ఆగకుండా గోడ మీది అట్ట కూడా చూపించాను. సిగ్గు లేకపోతే సరి.

ఆమె అట్టను పైనుంచి కిందికి చూసింది. "మేము రాయితీ విత్తనకాయలు తెచ్చుకుంటే, నూరు గింజలు తీసి తడి గోనెపట్టలో మొలక కడతాం. మొలిస్తేనే విత్తేది. నువ్వు కట్టి చూసినావా?"

"లేదు పెద్దమ్మా."

"మళ్ల ఎట్ల విత్తితివప్పా? అదీ నా చేన్లో!"

తెల్లకాగితం తీసి పెన్నుతో రాయడం మొదలుపెట్టాను. అలవాటు తప్పిన చేతికి ఒత్తులు కుదరక రెండు కాగితాలు చించాను. తెర మీది ఆ కలగాపులగం మధ్య అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు కాబట్టి సర్వే నంబరు దొరికింది. ఆమె నా వైపు కాక గడియారం వైపే చూస్తూ కూర్చుంది.

రాసిన కాగితం పట్టుకుని ఆమె రోడ్డు దాటి దాదాపు పరిగెత్తింది. చాలాసేపటికి ముద్ర వేసిన నకలుతో తిరిగొచ్చింది. "తీసుకున్నారులేప్పా. ఆ అట్టలో ఇంగో గడి గీయి."

గీశాను. పైన 'మొలక' అని రాశాను. సున్నా వేయబోతే లినక్స్ గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. అట్ట అడుగున నా పేరు రాసి, అక్కడ వేశాను.