నీరు కారని చేపల పెట్టె

2018 జూన్ 15న, సముద్రంలో వేట నిషేధం ముగిసిన మొదటి రోజున, నన్ను భోగాపురం తీరానికి పంపారు. విశాఖపట్నంలోని ఒక డిజైన్ సంస్థలో నేను క్షేత్ర పరిశీలన విభాగానికి అధిపతిని. చేపలమ్మే ఆడవాళ్లు బస్సులో తీసుకెళ్లడానికి నీరు కారని పెట్టె తయారుచేయడం మాకు అప్పగించిన పని.

మా వృత్తిలో వస్తువుకన్నా ముందు దాన్ని వాడే మనిషిని చూడాలంటారు. అందుకని మా కుర్ర డిజైనర్లు నూకాలమ్మ అనే ఆవిడ వెంట తిరిగారు. ఆమె చేపలు ఏరుతుంటే పక్కన ఇసుకలో కూర్చుని సహానుభూతి చెందారు; చెందుతున్నట్టు ఫొటోలు కూడా తీసుకున్నారు. ఆఫీసుకొచ్చి గోడనిండా పసుపు చీటీలు అంటించారు.

నూకాలమ్మ కష్టానికి అన్ని చీటీలు అక్కర్లేదు. వెదురు గంపలోంచి నీచు నీరు కారుతుందని కండక్టరు ఆమెను తొలి బస్సు ఎక్కనిచ్చేవాడు కాదు. అది తప్పితే విజయనగరంలో పొద్దుటి బేరం పోతుంది. మిగిలిన చేపలు ఎండబెట్టుకోవాల్సిందే.

"బస్సంతా నీసు కంపయిపోతాది, దిగప్పా" అనేవాడు.

"ఆదివారం నా కాడ సేపలట్టుకెల్లినప్పుడు కంపు నేదేటి బావూ?" అనేదామె. అని, దిగేది.

జులైలో నమూనా సిద్ధమైంది. తెల్లటి ప్లాస్టిక్ పెట్టె, రబ్బరు అంచున్న మూత. చుక్క కారలేదు. కండక్టరు వంగి వాసన చూసి, సీటు కిందికి తోయించాడు. ఆ కబురు వినగానే మా డైరెక్టరు ఆఫీసులో కేకు కోశాడు. బజారు ఇంకా తెరవలేదు.

బజారులో మొదట ఒక పెద్దావిడ ఆగింది.

"ఏటే అమ్మీ, ఐసు సేపలేటి?"

"ఐసూ నేదు, గీసూ నేదమ్మా. తెల్లారగట్ల వల్లో పడ్డాయే."

"మరి మూతెట్టి దాసినావేటి?"

పక్క గంప దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడివాళ్లకు మూతపెట్టె అంటే ఎక్కడినుంచో ఐసులో వచ్చిన పాత సరుకు. నూకాలమ్మ మూత తీసి, మొప్పలెత్తి ఎరుపు చూపించినా ఆ తెల్ల పెట్టెలోని చేపను ఎవరూ నమ్మలేదు. తెచ్చిన కానాగంత చేపల్లో సగం ఎండకు పాడైపోయాయి.

"అమ్మగోరూ, మీ పెట్టి బస్సెక్కింది గానీ నా బేరం దిగిపోనాది" అందామె నాతో.

పెట్టె మీద 'తాజా' అని పెద్ద అక్షరాలతో రాయిద్దామన్నాడు డైరెక్టరు. అలా రాసి చెప్పుకోవలసిన చేపను నేనైతే కొననన్నాను.

రెండో నమూనాను గుండ్రంగా, ఆమె గంప సరిగ్గా లోపలికి దిగేటట్టు చేయించాను. బస్సులో మూత ఉంటుంది. బజారులో గంప బయటికొస్తుంది, పెట్టె వెనక్కి పోతుంది. ఆగస్టు నుంచి నూకాలమ్మ తొలి బస్సులోనే వెళ్లింది. ఆ పెట్టెను ఒక డిజైన్ పోటీకి పంపినప్పుడు ఫొటోలోంచి మాత్రం డైరెక్టరు గంపను తీయించేశాడు.

అమ్మే మనిషిని నెలరోజులు గమనించాం. ఆమె ముందు వంగి మొప్ప ఎత్తి చూసేవాళ్లను ఒక్క పూటైనా గమనించలేదు. కొనేవాళ్లు చూడాలనుకున్నదాన్ని కప్పేస్తే, మూత ఎంత బాగా బిగిసినా అది చెడ్డ మూతే.