హాడోలో త్రిభుజం నడిచిన రోజు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: పిల్లలకు పాఠం అర్థం కాకపోతే, అదే మాట ఇంకాస్త గట్టిగా అరిచి చెబితే అర్థమవుతుందని. అందరూ హిందీ కలిపి మాట్లాడే మా దీవిలో, హాడో అనే పేటలో, రేవు పనివాళ్ళ పిల్లలు చదివే ఓ చిన్న బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పోస్టు తాత్కాలికం. నన్ను ఉంచాలో పంపాలో తేల్చుకోవడానికి పెద్ద మేడమ్ ఆ రోజు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. (ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు బడిలో లేరు.) నేను బోర్డు మీద గళ్ళు గీసి, అడ్డంగా ఒక అక్షం, నిలువుగా ఒక అక్షం పెట్టి, ఓ మూల త్రిభుజం వేసి, "దీన్ని ట్రాన్స్‌లేట్ చెయ్యండి" అన్నాను. అంటే ఆకారం మారకుండా, తిప్పకుండా, మరో చోటికి జరపమని. నోరు మూయదని అందరూ రేడియో అని పిలిచే పిల్ల టక్కున లేచింది. "హిందీలో తికోన్, టీచర్! తెలుగులో ఏటంటారో తెల్దు." క్లాసంతా చప్పట్లు. నాకు చెమటలు.

ఇక బోర్డుతో పని కాదని అందరినీ సిమెంటు వాకిట్లోకి తీసుకెళ్ళి, సుద్దతో పెద్ద పెద్ద గళ్ళు గీశాను. ముగ్గురు పిల్లలు మూడు మూలలై, చుట్టూ ఓ తాడు పట్టుకున్నారు. "మూడు గళ్ళు కుడికి, రెండు పైకి!" అని అరిచాను. వాళ్ళు నాకెదురుగా నిలబడ్డారన్న సంగతే తట్టలేదు. వాళ్ళ కుడి నాకు ఎడమైంది. పైకి అనేసరికి ముగ్గురూ కలిసి రెండు గెంతులు గెంతారు. "పైకంటే ఆకాశంలోకి కాదర్రా, ఆ గోడ వైపు!" అంటూ పరుగెత్తి వాళ్ళ వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాను. ఈసారి త్రిభుజం బుద్ధిగా కదిలింది. మా వెనకే వాకిట్లోకి వచ్చిన పెద్ద మేడమ్ సరిగ్గా దాని దారిలో నిలబడి ఉన్నారు. ఆగడమెందుకని పిల్లలు తాడెత్తి ఆవిడ తల మీదుగా దించేశారు! ఒకడు మాత్రం భయపడి ఆవిడ వైపు తిరగబోయాడు. రేడియో కసిరింది: "అరే, తిరగకురా! తిరిగితే ఇంకో లెక్కయిపోతాది. మొహం అటే ఉంచి జరుగు, బస్!"

తాడు మధ్యలోంచి మేడమ్ అడిగారు: "మరి నేనూ జరగాలా?"

"లోపలున్నారు కదేటి మేడమ్! మీరూ అంతే. మూడు కుడికి, రెండు పైకి" అంది రేడియో.

ఆవిడ కుచ్చిళ్ళు పట్టుకుని, బిగ్గరగా లెక్కపెట్టుకుంటూ మరీ జరిగారు. ఆగాక, "ఇప్పుడేం మారింది?" అన్నారు.

"జాగా ఒకటే మారింది మేడమ్. సైజు అదే, మొహం అదే."

అప్పుడు నవ్వారు. ఆ నవ్వుకి పక్క క్లాసుల కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "రేపట్నుంచి తొమ్మిదో తరగతి కూడా మీరే చూసుకోండి" అన్నారు.

ఇప్పుడు తెర మీద వేలితో లాగితే త్రిభుజం జరిగిపోతోంది. పిల్లలకు క్షణంలో అర్థమవుతోంది. అయినా చేతినిండా సుద్దతో, కుడి ఎటో తనకే తెలియక వాకిలంతా పరుగెత్తిన ఆ పిల్ల టీచరమ్మ, అదే అప్పటి నేను, తలపుకొస్తే ముచ్చటేస్తుంది. ఆ సాయంత్రం బస్సులో ప్రోతరాపూర్‌లో దిగేదాకా ఒక్కతే నవ్వుకుంటూ కూర్చుంది. పక్కసీటు దీదీ కంగారుపడి, "తబియత్ ఠీక్ హై నా?" అని ఒంట్లో ఎలా ఉందో అడిగితే, పాపం, జవాబు చెప్పబోయి మళ్ళీ నవ్వింది.