మైనం పట్టించిన దారం

మా కుట్టు టీచరుగారు పోయారు. తిరువూరు నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు విస్సన్నపేటలో మా గుమ్మం ముందు బస్సు ఆపించి, "అమ్మా, మీ పుట్టింటి పక్కన ఉండే టీచరుగారు తెల్లారగట్ల పోయారంట. మీ తమ్ముడు చెప్పమన్నాడు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే రైట్ రైట్ అనేశాడు. లోపల పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అవి తుడుస్తుంటే, ఆవిడకిచ్చి నిలబెట్టుకోని మాట ఒకటి గుర్తొచ్చింది.

ఆవిడ ఆడపిల్లల బళ్ళో కుట్టూ అల్లికలూ నేర్పేవారు. వినగడప నుంచి వచ్చి తిరువూరులో స్థిరపడ్డ ఒంటరి మనిషి. ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి. వాళ్ళ పెరటికీ మా పెరటికీ మధ్య ఒకటే పిట్టగోడ. అమ్మా ఆవిడా "వదినగారూ" అంటే "వదినగారూ" అనుకునేవారు. ఇటు కూర గిన్నె అటు వెళ్ళేది, అటు పచ్చడి గిన్నె ఇటు వచ్చేది. గుండీలు కుట్టే దారం చిక్కుపడకుండా ఆవిడ దాన్ని తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగేవారు. రోజూ సాయంత్రం ఆ దారమే మూరెడు తెంపి, రెండు చివరలూ వేళ్ళకు చుట్టుకుని, పళ్ళ సందులు శుభ్రం చేసుకునేవారు. మా ఊళ్ళో ఇంకెవరూ ఆ పని చేయగా నేను చూడలేదు.

ఆవిడకు పై వరసంతా కట్టుడు పళ్ళే. ముప్పై ఏళ్ళకే ఊడిపోయాయట. "పళ్ళు గట్టివే అమ్మాయ్, చిగుళ్ళే పోయినయ్. ఆస్పత్రి డాక్టరమ్మ ఈ దారం సంగతి చెప్పేసరికి కింది వరస ఒక్కటే మిగిలింది" అని ఒకసారి చెప్పారు. మిగిలిన ఆ వరసను ఆవిడ పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేవారు.

అమ్మకు పుస్తెలతాడుకు ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుండేవి. అన్నం తినగానే ఒకటి తీసి పళ్ళు కుట్టుకునేది. నెత్తురొస్తే చిగుళ్ళకు నశ్యం రాసేది. చురుక్కుమనేది, ఆగిపోయిందనుకునేది. మా వీధిలో ఆడవాళ్ళందరి వైద్యమూ అదే. టీచరుగారు కొన్నాళ్ళు చూసీ చూసీ ఉండబట్టలేక, ఒకరోజు గోడ దాటి వచ్చి అమ్మ చేతిలో దారం పెట్టారు. అమ్మకు ఏ పనైనా హడావిడే. దారాన్ని రంపం లాగినట్టు లాగింది. చిగురు తెగి తూములో ఉమ్మినదంతా ఎర్రగా పడింది.

"నా పళ్ళు కూడా ఊడగొడదామని వచ్చారా? మీకు లేవని నాకూ ఉండకూడదా?" అంది అమ్మ.

నేను అక్కడే ఉన్నాను. టీచరుగారు దారం వేలికి చుట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఆ రోజుతో గిన్నెలు ఆగిపోయాయి, మాటలూ ఆగిపోయాయి.

నేను మాత్రం కుట్టు నేర్చుకోవడానికి వెళ్తూనే ఉన్నాను. నాకూ జామకాయ కొరికితే కాయ మీద ఎర్ర మరక పడేది. ఆవిడ అది చూసి నన్ను వదల్లేదు. "జడేసుకోడం ఏనాడన్నా మర్చిపోయావా? జడ అవ్వగానే దారం తెంపు. ఇవ్వాళ ఒక్క సందు చాలు" అన్నారు. లాగకూడదు, మెల్లగా దింపాలి. పన్నును చుట్టి, చిగురు అంచు దాకా పైకీ కిందికీ ఆడించాలి. సందు సందుకీ దారంలో కొత్త చోటు వాడాలి. మొదటి వారమంతా నెత్తురే. మానేస్తానని ఏడుపు ముఖం పెట్టాను. "భయపడి ఆపితే రేపూ వస్తది. మెల్లగా చెయ్యి, రోజూ చెయ్యి" అన్నారు. నేను ఎగ్గొట్టిన రోజుల గురించి ఒక్క మాటా అనేవారు కాదు. రెండో వారం దారం తెల్లగా వచ్చింది. నన్ను వాకిట్లో ఎండలోకి లాక్కెళ్ళి నోరు తెరిపించి చూసుకుని, ఆవిడ ఎంత మురిసిపోయారో!

అప్పుడే అడిగారు: "మీ అమ్మ నా మాట వినదు. నీ చిగుళ్ళు చూపించు, నీ మాట వింటది. చెబుతావుగా?"

"చెబుతానండి" అన్నాను.

చెప్పలేదు. చెబితే కుట్టు మాన్పిస్తుందేమోనని భయం. తర్వాత పెళ్ళయి విస్సన్నపేట వచ్చేశాను. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ గోడ దగ్గర నిలబడి, "చెప్పావా?" అనేవారు. "ఈసారి చెబుతానండి" అనేదాన్ని. నేను వెళ్ళిన ప్రతిసారీ అమ్మకు ఒక పన్ను తక్కువుండేది. వయసు మీద పడితే అంతేలే అనుకునేది అమ్మ. అప్పటికి అమ్మకు నలభై ఐదు దాటలేదు. కొన్నాళ్ళకు టీచరుగారు అడగడం మానేశారు. అందుకు నేను లోలోపల హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

మధ్యాహ్నానికి నేను చేరేసరికి, అందరికంటే ముందే వెళ్ళి కూర్చున్నది అమ్మే. టీచరుగారి తల దగ్గర కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది. వినగడప నుంచి ఆవిడ తమ్ముడివాళ్ళు వచ్చారు, పాస్టరుగారు ప్రార్థన చేశారు. సమాధుల దొడ్డిలో మట్టి వేసి, అమ్మా నేనూ నడిచి ఇంటికి బయల్దేరాం.

"ఆ రోజు నెత్తురు చూసి హడలిపోయానే. నోటికొచ్చిందల్లా అన్నాను. ఆపకుండా చేస్తే నిజంగా తగ్గేదంటావా?" అంది అమ్మ.

"తగ్గుతుందమ్మా. నాకు రెండో వారానికే తగ్గింది" అనేశాను.

అమ్మ ఆగిపోయింది. "నీకా? ఎప్పుడు?"

"పెళ్ళికి ముందు. ఆవిడే నేర్పారు. నీకు చూపించమన్నారు కూడా."

అమ్మ నా నోటి వంక చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు చూపిస్తే వినేదాన్నే కదే" అంది.

పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకు నడిచింది. బజారులో మామిడికాయల బండి దగ్గర తెలిసినావిడ ఎవరో పలకరించింది. అమ్మ కొంగు తీయకుండానే తలూపింది. నేను నాలుగడుగులు వెనక నడుస్తున్నాను.